కొరివి కారం మూడోనాడు

సోమవారం తెల్లవారి ఇంటికొచ్చాను. సంచి ఇంకా విప్పలేదు. కుడిచేతి వేళ్ళు పెరుగు రాసినా మండుతూనే ఉన్నాయి. ఈ మంట పోకముందే రాసేయాలని కూర్చున్నాను.

1998 నుంచి 2001 దాకా మూడేళ్ళు గుంటూరు బ్రాడీపేటలో ఒకే గదిలో ఉన్నాం, నేనూ తనూ. ఇద్దరం బీకాం. నాది అమలాపురం దగ్గర పల్లె, తనది పిడుగురాళ్ళ దగ్గర. నేను తనని పల్నాడూ అనేదాన్ని, తను నన్ను కోనసీమా అనేది. ఇప్పటికీ మా ఫోన్లలో ఆ పేర్లే ఉన్నాయి. ఇక్కడా అదే పేరు రాస్తాను.

ఫిబ్రవరి ఎనిమిది పల్నాడు పుట్టినరోజు. ఈ ఏడాదితో 45 నిండాయి. చదువు అయ్యాక ప్రతి ఏడూ ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేశాను గానీ, ఒక్కసారీ వెళ్ళింది లేదు. ఈసారి ఒక ఉత్తరం రాసుకుని, అది హ్యాండ్‌బ్యాగు లోపలి అరలో పెట్టుకుని, మూడు రోజులకని బయల్దేరాను.

శుక్రవారం, గుంటూరు

"ఇంటికి పోమాక, తాళమేసుంటది. సీదా యార్డుకొచ్చెయ్" అంది ఫోన్లో. శని, ఆదివారాలు మిర్చి యార్డుకు సెలవు. అందుకని శుక్రవారం వాళ్ళకు ఊపిరాడదు.

గేటు ఇంకా కనపడకముందే ఘాటు ముక్కుకు తగిలింది. చున్నీ ముఖానికి చుట్టుకున్నాను. లోపల ఎక్కడ చూసినా టిక్కీలే, అంటే మిర్చి బస్తాలు, వరసలు వరసలుగా, మనిషి ఎత్తున. వాటి మధ్య సందుల్లో హమాలీలు బరువుతో పరుగులు తీస్తున్నారు, ఒక్కడికీ తుమ్ము లేదు. ఒక కొనుగోలుదారు గోతం కోసిన చోట చెయ్యి దూర్చి గుప్పెడు కాయ తీశాడు. రంగు చూశాడు, తొడిమ చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. గింజ గలగలమంటే కాయ ఆరినట్టట. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్టని చిన్నప్పటి నుంచీ వింటున్నాను గానీ, గుంటూరులో మూడేళ్ళున్నా ఒక్కరోజూ లోపలికి రాలేదు.

పల్నాడు ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తుంది. ఇరవై ఏళ్ళు దాటింది చేరి. నన్ను చూసి లేవలేదు, చేత్తో కూర్చోమంది. ఎదురుగా వినుకొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. నెరిసిన మీసం, భుజం మీద తువ్వాలు. 38 టిక్కీల తేజ రకం తెచ్చాడు. అమ్మకం అయిపోయింది, లెక్కల చీటీ, అదే పట్టీ, చేతిలో ఉంది, సంతకం పెట్టడమే తరువాయి.

పల్నాడు ఆ పట్టీ ఆయన చేతిలోంచి తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. మొత్తం తూకం ఇంత. గోతాలకు పోయింది ఇంత. కాటా కూలి, హమాలీ, కమీషను. ఒక్కో అంకె దగ్గర ఆగి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన వేళ్ళ కణుపుల మీద లెక్కేసుకుని తలూపాకే తర్వాతి దానికి పోయింది. ఒకచోట ఆయన "మళ్ళా చెప్పమ్మా" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చదివింది. వెనక నలుగురు నిలబడి ఉన్నారు, షావుకారు కూడా చూస్తున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఇది ఇక్కడ రోజూ జరిగేదేనని వాళ్ళ నిలబడే తీరులోనే తెలిసింది.

"సంతకం పెట్టమంటే పెట్టేస్తారే వీళ్ళు. ఏడాది కష్టం. చెవిన పడకుండా ఎట్టా పెట్టిచ్చుకుంటాం?" అంది ఆయన వెళ్ళాక.

ఆయన మళ్ళీ వచ్చాడు, ఒక సంచి పట్టుకుని. "పండుకాయ తెచ్చానమ్మాయ్, కారానికి." చేలో ఎర్రబడి ఇంకా ఎండని కాయ, నాలుగు కిలోలుంటుంది. పల్నాడు రెండు వందలు తీసి ఆయన జేబులో పెట్టబోయింది. ఆయన ఒప్పుకోలేదు. "ఊరికే తీసుకుంటే కారం నిలవుండదు బాబాయ్, మా అత్త తిడతది" అంటే అప్పుడు తీసుకున్నాడు.

మధ్యాహ్నం తనకి ఇంకా పనుంటే, నేను మా పాత గది చూసొస్తానని ఆటో ఎక్కాను. బ్రాడీపేటలో లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబితే చాలు, ఇల్లు దొరికిపోతుంది. నేను ఆ రెండు నంబర్లూ చెప్పాను, పేట పేరు చెప్పలేదు. పట్టాలకు అటు పక్కనున్న అరండల్‌పేటలోనూ లెక్క అలాగే ఉంటుంది. అతను అక్కడ దింపి ఎనభై తీసుకుని వెళ్ళిపోయాడు. ఎండలో ఇరవై నిమిషాలు తిరిగాను. ఏ ఇల్లూ గుర్తు రాలేదు. ఊరు ఇంత మారిందా అని దిగులేసింది. చివరికి ఇస్త్రీ బండి దగ్గర ఒకామె "మీరు చెప్పేది బ్రాడీపేటమ్మా" అని నవ్వి, గ్లాసుడు నీళ్ళిచ్చి, తన కొడుకుని కేకేసి బండి మీద పంపింది. డబ్బులిస్తే ఆ అబ్బాయి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఇల్లు అలాగే ఉంది. ఇంటిగలామె పోయారట, కోడలు తలుపు తీసింది. సంగతి చెప్పగానే "మా అత్తయ్య మీ ఇద్దరి గురించీ చెబుతుండేది" అంటూ మేడ మీదికి తీసుకెళ్ళింది. ఇంతలో పల్నాడు కూడా వచ్చేసింది.

గది ఇప్పుడు సామాన్ల కొట్టు. అద్దె ఆరొందలు ఉండేది అప్పట్లో, మనిషికి మూడొందలు. మెట్ల కింద పంపు. తెల్లవారుజామున నాలుగింటికి వదిలేవాళ్ళు, ఐదుకల్లా ఆగిపోయేది. మూడేళ్ళలో నేను ఆ పంపు దగ్గరికి పోయింది పది పదిహేనుసార్లు ఉంటుందేమో. నేను లేచేసరికి రెండు బిందెలూ నిండి ఉండేవి. నిండుతాయనే అనుకున్నాను ఆ వయసులో, ఎవరు నింపుతున్నారని ఆలోచించలేదు.

కిటికీ గట్టు మీద నల్లటి మచ్చ ఇంకా ఉంది. కొవ్వొత్తి మసి. దాని మీద రెండుసార్లు సున్నం వేసినట్టున్నారు, అయినా లోపల్నుంచి కనపడుతోంది.

2001 మార్చిలో ఫైనలియర్ పరీక్షలకు నాలుగు రోజుల ముందు నాకు కండ్లకలక వచ్చింది. రెప్పలు అతుక్కుపోయేవి, దీపం చూడలేకపోయేదాన్ని. ఇంటికి వెళ్ళిపోతానని ఏడ్చాను. పల్నాడు నా కళ్ళ మీద తడిగుడ్డ వేసి, ఆ గట్టు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. కాస్ట్ అకౌంట్స్, ఆదాయపు పన్ను, ఆడిటింగ్. నాలుగు రాత్రులు. కరెంటు పోతే కొవ్వొత్తి. లెక్కలు కూడా పైకి చదివేది, అంకె అంకెకీ ఆగి. నేను మనసులో వేసుకునేదాన్ని. అర్థం కాకపోతే "మళ్ళీ చదవవే" అనేదాన్ని. విసుక్కోలేదు. తన గొంతు బొంగురుపోయిందని నాకు మూడో రాత్రికి గానీ తెలియలేదు.

కాస్ట్ అకౌంట్స్ పరీక్ష రోజుకి నా కళ్ళు తేటపడ్డాయి. తనవి అతుక్కుపోయాయి. సగం పేపరు రాసి బయటికొచ్చింది. నాకు ఆ పేపర్లో 71 వచ్చాయి. తను తప్పింది. సెప్టెంబరులో మళ్ళీ రాసి పాసైంది గానీ, అప్పటికి ఎంకాం సీట్లు అయిపోయాయి. ఆ ఏడాది వాళ్ళ నాన్న పంట కూడా పోయింది. మరుసటేడు అడిగితే "ఇంక చదువెందుకులే" అంది. నేను ఎంకాం చేసి, బ్యాంకు పరీక్ష రాసి, హైదరాబాదు వెళ్ళిపోయాను. తను ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాది ధైర్యం చాలక.

గదిలో నిలబడి ఆ మచ్చ ఇద్దరం చూశాం. "పంపు మార్చారంటనే, ఇప్పుడు మోటరంట" అని కిందికి దిగింది. ఉత్తరం బ్యాగులోనే ఉండిపోయింది.

రాత్రి నల్లపాడు రోడ్డులో వాళ్ళింట్లో కొరివి కారం, అంటే పండుమిర్చి పచ్చడి, పెట్టే పని. కాయలు కడిగి, చాప మీద పరిచి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచాం. ఒక్క చుక్క తడి ఉన్నా బూజు పడుతుందని వాళ్ళత్తగారు మంచం మీద నుంచే కాపలా కాశారు. తొడిమ తీసే పని నాకిచ్చారు. కిలో కాయకి పావుకిలో చింతపండు, పావుకిలో కల్లుప్పు, కాస్త పసుపు. కాయా ఉప్పూ రోట్లో వేసి పల్నాడు రోకలి పట్టింది. ఎర్రటి రసం అంచుల మీదికి ఎగదన్నినప్పుడల్లా అరచేత్తో లోపలికి తోసేది. గింజ నలిగీ నలగనట్టుండగానే ఎత్తేసి, జాడీలో సగం వేసి, చింతపండు మధ్యలో అదిమి, మిగతా సగం పైన కప్పింది. "ఇంక మూడోనాటి దాకా దాని జోలికి పోగూడదు" అన్నారు అత్తగారు. మూడోనాడంటే ఆదివారం.

దోసకాయ పప్పు, గోంగూర, పచ్చి ఉల్లిపాయ, నెయ్యి. 1998లో మొదటి రాత్రి తను ఊరి నుంచి తెచ్చిన కొరివి కారం నాకు వేడన్నంలో కలిపి పెట్టింది. పులుసులో కూడా బెల్లం వేసుకునే ఇంటి పిల్లని నేను. కళ్ళూ ముక్కూ కారుతుంటే నీళ్ళ చెంబు అందుకోబోయాను. తను ఆ చెంబు లాగేసి, నోట్లో నెయ్యి వేసింది. "నీళ్ళు తాగితే ఇంకా మండుద్ది." మా స్నేహానికి అదే మొదలు.

శనివారం, మంగళగిరి, ఉండవల్లి

వాళ్ళమ్మాయి ఇంటర్ చదువుతోంది, అదీ మాతో వచ్చింది. పిన్నీ పిన్నీ అంటూ రోజంతా నా చెయ్యి వదల్లేదు.

కొండ మీద పానకాలస్వామికి బిందెడు పానకం ఇచ్చాం. అర్చకులు శంఖంతో స్వామి నోట్లో పోస్తుంటే లోపల గుటక వేసినట్టు గడగడ శబ్దం. సగం అయ్యాక ఆ శబ్దం ఆగింది, మిగతా సగం మాకు ప్రసాదంగా ఇచ్చారు. మిరియాలూ యాలకులూ వేసిన బెల్లపు నీళ్ళు, మెట్లెక్కిన దాహానికి అమృతంలా ఉన్నాయి. ఇంత బెల్లం పారే చోట చీమ కనపడదంటారు. అమ్మాయి వంగి మూలమూలా వెతికింది, దానికీ దొరకలేదు.

కింద గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, 153 అడుగులు. 1807 నుంచి 1809 వరకు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. మెడ నొప్పెట్టేదాకా చూశాం.

పుట్టినరోజు చీర ఇక్కడే కొనాలని ముందే అనుకున్నాను. కొట్లోకి కాకుండా పల్నాడు ఎరిగిన నేతగాళ్ళ ఇంటికి వెళ్ళాం. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి ఒక నడివయసు ఆయన నేస్తున్నాడు, భార్య పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. ముందు మంచినీళ్ళు, తర్వాత టీ, ఆ తర్వాతే చీరలు తీశారు. మంగళగిరి నూలు చీర ఒంట్లో పువ్వూ తీగా ఉండవు, ఉన్న అందమంతా నిజాం అంచులోనే. పండుమిరప రంగుది ఒకటి నచ్చింది, ఆకుపచ్చ అంచు. పదహారొందలన్నారు. నేను పద్నాలుగుకి ఇస్తారా అన్నాను. పల్నాడు నా మోచెయ్యి పట్టుకుంది. "మగ్గం కాడ బేరమాడమాకే. బేరం కొట్లో ఆడుకుందాం." పదహారొందలూ ఇచ్చాను. చీర తనకేనని చెప్పాక అయిదు నిమిషాలు నాతో మాట్లాడలేదు, అంత ఖరీదెందుకని.

ఉండవల్లి వెళ్ళేసరికి మూడయింది. కొండని నాలుగంతస్తుల మేడలా తొలిచారు. లోపల చీకట్లో అనంతపద్మనాభుడు పడుకుని ఉన్నాడు, ఒకే రాతిలో. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా పాదాలే కనపడ్డాయి, తర్వాత మోకాళ్ళు, చాలాసేపటికి ముఖం. పైన వసారా అంచు మీద ఋషుల బొమ్మలు పొలాల వైపు చూస్తూ కూర్చున్నాయి. మేమూ వాటి పక్కనే కూర్చున్నాం. ఉప్పూకారం చల్లిన జామకాయలు, మూడు ముప్పై. అమ్మాయి ఫోటోలకని పక్కకు వెళ్ళింది. ఇప్పుడిద్దామని బ్యాగు జిప్పు తీశాను. పల్నాడు గోడకి తల ఆనించి నిద్రపోయింది. ఎన్నాళ్ళ అలసటో. లేపబుద్ధి కాలేదు.

ఆదివారం, బెజవాడ

కాలేజీ రోజుల్లో తన పుట్టినరోజంటే బెజవాడ బస్సే. చేతిలో వంద రూపాయలు, దాంతోనే ఇడ్లీ, బీసెంట్ రోడ్డులో గాజులు, తిరుగు టికెట్టు. అదే దారిలో మళ్ళీ పోదామని పట్టుబట్టాను. కొత్త చీర కట్టుకుంది. బస్సులో తనకు సున్నా టికెట్టు కొట్టారు. ఆంధ్రలో ఇప్పుడు ఆడవాళ్ళకు ఉచితం గదా. నా ఆధార్‌లో హైదరాబాదు అడ్రసు, అందుకని నాకు డబ్బులు పడ్డాయి. కండక్టరమ్మ "పుట్టింటి అడ్రసు ఉంచుకోవాల్సిందక్కా" అంది.

సీతానగరంలో దిగి ప్రకాశం బ్యారేజీ మీద నడిచాం. 1,223 మీటర్లు. కృష్ణ మీద ఇంకా పొగమంచు ఉంది, అవతల ఇంద్రకీలాద్రి పైభాగం ఒక్కటే కనపడుతోంది. పాత ఆనకట్ట 1952లో కొట్టుకుపోయాక దీన్ని కట్టారు, 1957లో పూర్తయింది. 2000లో మేమిద్దరం గేట్లు లెక్కపెట్టుకుంటూ నడిస్తే నాకు 71 వచ్చాయి, తనకి 70. ఆ రోజు తేల్చుకోలేదు. ఈసారి పైకి లెక్కపెట్టాం, ఇద్దరం ఒకే గొంతుతో. డెబ్బై.

చివరి గేట్లు దగ్గరపడుతుంటే, 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకున్నది ఇక్కడేనని చూపించింది. ఆ రోజుల్లో తను ఫోన్ ఎత్తకపోతే నేను భయపడ్డాను. ఎక్కడున్నావే అప్పుడు అని నేను అడిగితే గానీ చెప్పలేదు. బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు, యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళు కొందరితో కలిసి పులిహోర చేసి పొట్లాలు కట్టిందట. ట్రాక్టరు పోయినంత దూరం పోయి, అక్కడ పడవ వాళ్ళకి అందించేవాళ్ళట. మూడు రోజులు. "మేడల మీద నుంచి చేతులూపేటోళ్ళే. అన్నం కాదే వాళ్ళు ముందు అడిగింది, మంచినీళ్ళు. చుట్టూ నీళ్ళే, తాగటానికి చుక్క లేదు. మర్నాటి నించి బిందెలు కూడా ఏసుకెళ్ళాం." బిందెలన్న మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది, నది వైపు తిరిగాను.

దుర్గమ్మ దగ్గర రెండున్నర గంటలు పట్టింది, ఆదివారం కదా. తన పేర కుంకుమ పొట్లం, లడ్డూలు. గాంధీనగర్‌లో ఒక చిన్న హోటల్లో వెన్నపూస ఇడ్లీ తిన్నాం. వేడి ఇడ్లీ మీద వెన్న ముద్ద కరిగి, కారప్పొడిలోకి ఎర్రగా జారుతుంటే మూడో ప్లేటు కూడా చెప్పాం. బీసెంట్ రోడ్డులో డజను మట్టిగాజులు అరవై రూపాయలు. గాజులమ్మే ఆవిడ తన చెయ్యి పిండి తొడుగుతూ "పని చేసే చెయ్యి, సైజు పెద్దది కావాలి" అంది. పల్నాడు చేతులు నేను సరిగ్గా చూసింది అప్పుడే. వేళ్ళ చివర్లన్నీ ఎర్రగా కమిలి ఉన్నాయి. ఎన్ని సబ్బులతో కడిగినా పోని రంగు.

పునుగులు, అల్లం చట్నీ పొట్లం కట్టించుకుని బస్సెక్కాం.

ఆదివారం రాత్రి, గుంటూరు

జాడీ మూత తీయగానే ఇల్లంతా పుల్లటి ఘాటు. చింతపండు మెత్తబడి కాయ రంగులోకి తిరిగింది. అత్తగారు మెంతిపొడి కొలిచి ఇచ్చి నిద్రకు పోయారు. అన్నయ్యగారూ అమ్మాయీ ముందుగదిలో టీవీ చూస్తున్నారు. పల్నాడు పెరట్లో రోలు ముందు కూర్చుని పొత్రం తిప్పుతోంది. నేను వెల్లుల్లి వలుస్తూ, అందినంత కారం రోట్లోకి తోస్తున్నాను. రాత్రి పదింటికి నా బస్సు.

ఇంక ఆగలేక చెయ్యి తుడుచుకుని ఉత్తరం తెచ్చి ముందుకు చాపాను.

"ఏందే ఇది?"

"నీ పుట్టినరోజుకి. చదువుకో."

రెండు చేతులూ మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి. అవి పైకెత్తి చూపించింది. "ఎట్టా పట్టుకునేది? పైగా చత్వారం, అద్దాలు యార్డులో వదిలేసొచ్చా. నువ్వే చదువు."

పెరటి దీపం కింద, మెట్టు మీద కూర్చుని చదివాను. బిందెల సంగతి రాశాను అందులో. నెయ్యి సంగతి. నాలుగు రాత్రుల సంగతి. "నాకు 71 వచ్చాయి. అందులో నావి ఎన్నో నాకు తెలియదు. నీకు కండ్లకలక అంటించి నేను పరీక్ష పాసయ్యాను. నువ్వు ఆగిపోయిన చోటి నుంచి నేను నడిచాను. ఈ మాట నీకు చెప్పకుండా పాతికేళ్ళు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాను." అక్కడికొచ్చేసరికి నా కంటిని తుడుచుకోబోయాను. "కారం చెయ్యి!" అని అరిచింది. భుజంతో తుడుచుకున్నాను.

చదవడం అయిపోయింది. పొత్రం ఆగలేదు. కొంచెంసేపటికి, "సగం గుంటూరుకొచ్చింది గదే ఆ ఏడు కండ్లకలక. నీ దగ్గరే అంటిందని ఎవరన్నారు? పంపు కాడ అందరం కలిసే నిలబడ్డాం" అంది.

నేను మాట్లాడలేదు. ఇంకో రెండు చుట్లు తిప్పింది. అంచున ఎక్కిన కారాన్ని అరచేత్తో లోపలికి తోసింది.

"ఆ నాలుగు రాత్రుల కాడ మళ్ళీ చదవవే."

మళ్ళీ చదివాను, ఒక్కో మాట దగ్గర ఆగి.